నాదంటూ ఒక రంగు: బీరువాలో వెతుక్కోవడం ఎలా?

చిత్రావతి ఒడ్డు (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పోయిన నెల మా స్టాఫ్‌రూములో కిటికీ పక్క కుర్చీ మీద ఎవరో శాలువా మరిచిపోయి వెళ్ళారు. వంకాయ రంగు శాలువా అది. అటెండరు మొదలుకొని ప్రిన్సిపాల్ గారి దాకా చూసిన ప్రతి ఒక్కరూ క్షణం ఆలోచించకుండా అది వృక్షశాస్త్రం మేడమ్‌దేనని చెప్పేశారు. సరిగ్గా అదే వారం నా గొడుగు పోయింది. నాలుగు రోజులు అదే గదిలో గోడకు ఆనించి ఉన్నా అది నాదని ఒక్కరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

ఆ రాత్రి బీరువా తెరిచి లెక్క పెట్టాను. నలభై మూడు చీరలు, పంతొమ్మిది చుడీదార్లు ఉన్నాయి. ఏ రంగూ మూడుసార్లకు మించి కనిపించలేదు. దుకాణంలో ఆ పూటకు కంటికి నచ్చినవీ, పెళ్ళిళ్ళలో పెట్టినవీ, తగ్గింపు ధరకు వచ్చాయని కొన్నవీ అన్నీ కలిసి అదొక సంతలా ఉంది. చూడగానే నాదని నేనూ, నలుగురూ గుర్తుపట్టే ఒక రంగును ఎంచుకుని, ఇకపై కొనేవన్నీ దాని చుట్టూ ఉండేలా చూసుకోవాలని అనుకుంటున్నాను. నాది చామనఛాయ. ఒకసారి ఒక పెద్ద బట్టల దుకాణంలో అమ్మకపు కుర్రవాడు నేను చేతిలోకి తీసుకున్న చీరను మెల్లగా వెనక్కి లాగి, మీ ఒంటికి ఇది నప్పదు మేడమ్ అంటూ లేత గులాబీ చీర పరిచాడు. అతని మాట విని కొన్న ఆ చీరను రెండుసార్లు కూడా కట్టలేదు. దుకాణంవారి మాట మీద, అద్దం మీద ఆధారపడకుండా మన రంగును మనమే నిర్ణయించుకునే పద్ధతి ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

పట్టు చిలప (ధర్మవరం)

మేడమ్ గారూ, నేను ఇరవై ఆరేళ్ళుగా పట్టు నూలుకు రంగులు వేస్తున్నాను. నా అనుభవంలో జనం మొదట చేసే పొరపాటు రంగును పేరుతో ఎంచుకోవడమే. నీలం నాకు నప్పుతుంది, ఆకుపచ్చ నప్పదు అని చాలామంది అంటారు. ఏ నీలం అని అడిగితే జవాబు ఉండదు. రంగుకు మూడు కొలతలున్నాయి. అది ఎరుపా, నీలమా, పచ్చా అన్నది మొదటిది. ఎంత ముదురు, ఎంత లేత అన్నది రెండోది. ఎంత దట్టంగా ఉంది, ఎంత మసకబారి ఉంది అన్నది మూడోది. అమెరికాలో మన్సెల్ అనే చిత్రలేఖనం మాస్టారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఈ మూడింటికీ అంకెలు వేసి ఒక పద్ధతి ఏర్పరిచారు. ఆయన పేరు తెలియని మా నాన్న కూడా రంగు తొట్టి దగ్గర నిలబడి ముదురు, లేత, దట్టం, మసక అనే మాటలతోనే నాకు పని నేర్పారు.

మనిషికి నప్పడం, నప్పకపోవడం అనేది ఎక్కువగా రెండో, మూడో కొలతల మీదే ఆధారపడి ఉంటుంది. చిలకపచ్చలో వెలవెలబోయిన ముఖమే సీసా పచ్చలో కళకళలాడుతుంది. రెండూ పచ్చలే కదా. కాబట్టి మీరు రంగు పేరు పక్కన పెట్టి, మీ ముఖానికి ఎంత ముదురు కావాలో, ఎంత దట్టం కావాలో ముందుగా తేల్చుకోండి. ఆ రెండూ తేలిన తరువాత ఆ చట్రంలో ఇమిడే రంగులు నాలుగైదు మిగులుతాయి. వాటిలో మనసుకు దగ్గరగా ఉన్నది మీది.

కత్తెర టేపు (కడప)

అన్న చెప్పింది సరైన మాట. తేల్చుకునే పద్ధతి నేను చెబుతాను. నేను కడపలో పద్దెనిమిదేళ్ళుగా రవికలు కుడుతున్నాను. దీనికి పైసా ఖర్చు లేదు. మన ఇళ్ళలో నోములకు, పేరంటాలకు, గృహప్రవేశాలకు తాంబూలంలో పెట్టిన రవిక గుడ్డలు ఎన్ని ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పెట్టె అడుగున ముప్పైకి తక్కువ ఉండవు. వెతికి కొన్నవి కావు కాబట్టి, మనం జన్మలో ఎంచుకోని రంగులు కూడా వాటిలో ఉంటాయి. ఈ పనికి కావలసింది సరిగ్గా అదే.

ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య నేరుగా ఎండ పడని వాకిట్లో, వెలుతురుకు ఎదురుగా కూర్చోండి. ముఖానికి పౌడరు కూడా వద్దు. జుట్టు వెనక్కి కట్టి, భుజాల మీద తెల్లటి తువ్వాలు కప్పుకోండి. లేకపోతే కట్టుకున్న బట్ట రంగు ముఖం మీద పడి లెక్క తప్పుతుంది. ఒక్కొక్క గుడ్డను గడ్డం కింద నుంచి మెడ కప్పేలా పట్టుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టి చూడమనండి. అడగవలసింది గుడ్డ బాగుందా అని కాదు. కళ్ళ కింద నలుపు పెరిగిందా తగ్గిందా, పెదవుల రంగు తేలిందా పోయిందా, చూపు ముందు గుడ్డ మీద పడిందా ముఖం మీద పడిందా అని అడగండి. ట్యూబులైటు కింద మాత్రం ఈ పని చేయవద్దు. మొబైలులో ఫోటో తీసి చూసుకోవడం కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే కెమెరా తనంతట తానే రంగులు సర్దేస్తుంది. తప్పనిసరి అయితే పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. కాగితం తెల్లగా కనిపించిన ఫోటోను మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

గండికోట గాలి (జమ్మలమడుగు)

పెద్దలు మన్నించాలి. ఒక మనిషి ఒకే రంగు కట్టడం గుర్తింపా, యూనిఫామా? మన సీమలో తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టిన వారిని దూరం నుంచి చూస్తే సర్పంచో, కాంట్రాక్టరో, పెళ్ళికి వచ్చిన పెదనాన్నో తెలియదు. పైగా పాంటోన్ అనే సంస్థ 2000 సంవత్సరం నుంచి ఏటేటా ఆ ఏటి రంగు అని ఒకటి ప్రకటిస్తుంది. 2023లో ఒక మెజెంటా, 2024లో ఒక పీచు రంగు, 2025లో ఒక గోధుమ ఛాయ. దుకాణాలన్నీ ఆ వరుసలోనే నిండిపోతాయి. ఇంత గాలిలో ఒక రంగును పట్టుకుని నిలబడటం సాధ్యమా అన్నది నా సందేహం. నీలమైతే ఒప్పుకుంటాను. అది మా జిల్లా రంగు. ఒకప్పుడు కడప నీలిమందు అంటే వ్యాపారంలో పేరున్న సరుకు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి దించాక మన నీలి తొట్లు ఎండిపోయాయి.

చిత్రావతి ఒడ్డు (అనంతపురం)

గండికోట గాలి గారూ, ఒకే రంగు కట్టాలని నేను అనడం లేదు. ఒక రంగు నడిమధ్యలో ఉండాలని, మిగిలినవి దాని చుట్టాల్లా ఉండాలని అంటున్నాను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు అన్ని రంగుల చీరలూ కట్టారు. అయినా కంచి పట్టులో ఒక నీలాన్ని ఇప్పటికీ ఎమ్మెస్ బ్లూ అనే పిలుస్తారు. ధర్మవరం దుకాణాల్లో కూడా ఆ పేరు చెబితే ఆ చీరే తీసి చూపిస్తారు. మనిషి పేరు రంగుకు అతుక్కోవడం ఎంత అపురూపమో చూడండి. నాకు అంత ఆశ లేదు, నా గొడుగు నాకు దొరికితే చాలు.

కత్తెర టేపు అక్కా, మీరు చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ఈ ఆదివారం చేస్తాను. మా పెట్టెలో ఇరవై ఏడు గుడ్డలు తేలాయి.

బురుజు నీడ (కర్నూలు)

ఈ చర్చలో నాకు చోటు ఉందో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. నాకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియదు. ఇది పుట్టుకతో వచ్చినది. ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది కాబట్టి మగవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మా అమ్మ ద్వారా తాతగారి నుంచి నాకు వచ్చింది. చుక్కలలో అంకెలు కనిపెట్టే ఇషిహారా పరీక్షలో నేను తప్పినప్పుడు నా వయసు పద్నాలుగేళ్ళు. అప్పటి నుంచి మా అమ్మ నా చొక్కాల కాలరు లోపలి వైపున దారంతో ముడులు వేసేది. ఒక ముడి ఉంటే ఆకుపచ్చ, రెండు ఉంటే గోధుమ రంగు, మూడు ఉంటే మెరూను. చీకట్లో కూడా వేలితో తడిమి ఏ చొక్కా ఏ ప్యాంటు మీదకో తెలుసుకునేవాడిని. ఉద్యోగం వచ్చి హాస్టలు గదిలో ఉన్నప్పుడు కొన్న చొక్కాలకు ముడులు వేసేవారు లేక, ఒక శుక్రవారం నేను బూడిద రంగు అనుకుని వేసుకువెళ్ళిన చొక్కా గులాబీ రంగుదని బ్యాంకు అంతా చూసేదాకా నాకు తెలియలేదు.

ఆ మరుసటి నెల నుంచి నేను నీలం, తెలుపు తప్ప కొనలేదు. నాలాంటి వారికి నీలంలోని ఛాయలు చక్కగా తెలుస్తాయి. ముదురు నీలం ప్యాంట్లు మూడు, లేత నీలం, మధ్యరకం నీలం, తెలుపు చొక్కాలు తొమ్మిది. ఏది దేని మీద వేసినా పొరపాటు ఉండదు. ఖాతాదారులు నన్ను నీలం చొక్కా సారు అని పిలుస్తారు. అవసరం కొద్దీ పట్టుకున్న రంగు పేరుగా మారింది. అందుచేత మేడమ్ గారికి నేను చెప్పేది ఏమిటంటే, నప్పడం ఒక్కటే చూడవద్దు. మీరు రోజూ తెల్లవారి బస్సు పట్టుకునే తొందరలో, కళ్ళు నలుపుకుంటూ బీరువాలో చెయ్యి పెట్టినా తప్పు పోని రంగు ఏదో కూడా చూడండి.

నల్లరేగడి (ఆదోని)

తెలుపు జోలికి మాత్రం వెళ్ళకండి తల్లీ. బోరు నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి తెట్టులా బట్టకు పట్టుకుంటుంది. ఎన్నిసార్లు జాడించినా పోదు. మీ అనంతపురం నీళ్ళూ మా నీళ్ళలాంటివే. ఆరు నెలలకు తెల్ల చీర తెలుపూ కాదు, పసుపూ కాదు. పైన దుమ్ము ఉండనే ఉంది. నేను రిటైరయ్యేదాకా ఇరవై ఏళ్ళు తెల్ల చీరలే కట్టాను కాబట్టి చెబుతున్నాను.

పట్టు చిలప (ధర్మవరం)

బురుజు నీడ అన్న రాసింది చదివాక, ముడుల సంగతి మా ఇంట్లో వాళ్ళకు కూడా చదివి వినిపించాను.

అంచు విషయం ఒకటి చెప్పవలసి ఉంది. ప్యారిస్‌లో గోబెలిన్స్ అనే ప్రసిద్ధమైన నేత కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకం విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చారు. నల్ల దారం సరిగ్గా నల్లగా ఉండటం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నల్ల దారాన్ని నీలం, ఊదా రంగుల పక్కన నేయడం వల్ల దాని ఛాయ మారినట్టు కంటికి తోస్తోంది. పక్క రంగు వల్ల రంగు మారి కనిపించడం గురించి ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశారు. మా ఊరి చీరల్లో ఒంటి రంగు ఒకటి, వెడల్పాటి అంచు ఇంకొకటి ఉంటాయి. భుజం మీద ముఖానికి దగ్గరగా ఉండేది ఆ అంచూ, కొంగూ. ఒంటి రంగు మీకు ఎంత నప్పినా, అంచు దాన్ని చెడగొట్టగలదు, బాగు చేయగలదు. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డు దారం) మరొక రంగు వేసి నేసిన నెమలికంఠం లాంటి చీరల సంగతి మరీ చిత్రం. కొంగు మడత తిరిగిన చోట నీలం, నిలువుగా ఉన్న చోట పచ్చ కనిపిస్తాయి. అలాంటి చీరను గుర్తింపు రంగుగా పెట్టుకుంటే, ఏ వెలుతురులో చూసినవారు ఆ పేరు పెడతారు.

చిత్రావతి ఒడ్డు (అనంతపురం)

ఆదివారం ఉదయం వాకిట్లో కూర్చుని ఇరవై ఏడు గుడ్డలూ చూసుకున్నాను. న్యాయనిర్ణేతగా మా అత్తమ్మను కూర్చోబెట్టాను, ఆమె మొహమాటం ఎరుగని మనిషి. నా మనసులో ముందు నుంచీ లేత నీలం ఉంది. దాన్ని గడ్డం కింద పెట్టగానే ఆమె, దీంట్లో జ్వరం పడి లేచినట్టున్నావు అని తేల్చేశారు. లేత గులాబీకీ అదే తీర్పు. చిలకపచ్చ పెట్టినప్పుడు, ఎవరిదా గుడ్డ అని అడిగారు. అంటే చూపు గుడ్డ మీదే ఆగిందన్న మాట. ఒక గంట గడిచేసరికి పట్టు చిలప అన్న చెప్పింది నా కళ్ళకే కనబడింది. లేత రంగులన్నీ, అవి ఏ పేరువైనా, నన్ను వాడిపోయినట్టు చూపిస్తున్నాయి. బాగా దట్టమైన ముదురు రంగులు పెట్టినప్పుడు మాత్రం గుడ్డే ముందుకు వస్తోంది. ముదురుగా ఉండి కొంచెం మసకబారినవే నాకు కుదురుతున్నాయి.

అలా నాలుగు మిగిలాయి. నేరేడు, సీసా పచ్చ, వక్క రంగు, జేగురు. మొదటి మూడింటికీ అత్తమ్మ తల ఊపారు. జేగురు గుడ్డ పెట్టగానే మాత్రం దాని గురించి ఏమీ అనకుండా, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావు చూసుకో అన్నారు. అంటే చూపు గుడ్డ మీద ఆగనే లేదన్న మాట. ఆ గుడ్డ ఎక్కడిదంటే, ఒక వరలక్ష్మీ వ్రతానికి వెళ్ళినప్పుడు వచ్చినది. నాకు అక్కరలేదని, ఇంకెవరికైనా వాయనంలో పెట్టేద్దామని పక్కన పడేసి ఉంచినది.

దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు, మూడేళ్ళ కిందట విద్యార్థులను లేపాక్షికి తీసుకువెళ్ళడం గుర్తుకు వచ్చింది. వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దంలో వేసిన చిత్రాలన్నింటి వెనుకా ఉన్న నేల రంగు ఇంచుమించు ఇదే. ఆ చిత్రాల్లో ఎరుపు, పసుపు, పచ్చ, నలుపు, తెలుపు మట్టి రంగులతో రకరకాల చీరల అంచులు కనిపిస్తాయి. నీలం దాదాపుగా లేదు. ఒకప్పుడు లేపాక్షి మా జిల్లాలోనే ఉండేది, 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. మా ఊరి నేల కూడా ఆ రంగుదే, కాబట్టి నల్లరేగడి అమ్మగారు చెప్పిన దుమ్ము బెడద కూడా కొంత తీరినట్టే.

ఒక్క చిక్కు ఉంది. ఫోనులో మా అమ్మకు చెబితే, సన్యాసుల కాషాయం సంసారికి ఎందుకు అని కోప్పడింది.

కత్తెర టేపు (కడప)

జేగురు, కాషాయం ఒకటి కావని అమ్మగారికి చెప్పండి. కావి బట్టలో పసుపు పాలు ఎక్కువ, జేగురులో ఎరుపు ఎక్కువ, లోతు ఎక్కువ. అయినా పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకు? చీరలతో మొదలుపెట్టకండి. ముందు మీ రంగులో నాలుగు రవికలు కుట్టించుకోండి. ముఖానికి చీర కన్నా దగ్గరగా ఉండేది మెడ చుట్టూ ఉన్న రవికే కదా. మీ దగ్గర ఉన్న నలభై మూడు చీరల్లో సగానికి పైగా జేగురు రవికతో కలుస్తాయి. సీసా పచ్చ, గంధం, వక్క రంగు, ముదురు నీలం, నలుపు, ఆఖరికి మీరు కట్టకుండా పడేసిన ఆ లేత గులాబీ కూడా. బీరువా మొత్తం మార్చనక్కర లేకుండా రంగు మీ ఒంటి మీద స్థిరపడుతుంది. నచ్చకపోతే పోయేది నాలుగు రవికలు, పట్టుచీర కాదు.

గండికోట గాలి (జమ్మలమడుగు)

రవికల ఆలోచనకు నా ఓటు. నేను కూడా పరీక్ష చేసి చూసుకున్నాను. నీలం నాకు నప్పడం లేదు. జిల్లా చరిత్ర ముఖానికి పనికిరాదని తెలిసింది.

పట్టు చిలప (ధర్మవరం)

మేడమ్ గారూ, ఆ జేగురు గుడ్డను ఉతకక ముందే నాలుగు అంగుళాల ముక్క కత్తిరించి, వెలుతురు తగలకుండా కాగితం కవరులో దాచండి. ఇకపై ఏది కొన్నా ఆ ముక్కను పర్సులో పెట్టుకుని వెళ్ళి, దుకాణం బయట ఎండలో పోల్చి చూసుకోండి. నూలుకు వాడే రంగు వేరు, పట్టుకు వాడే రంగు వేరు. రెండూ లైటు కింద ఒకేలా కనిపించి, ఎండలోకి రాగానే ఒకటి ఇటుకలా, ఒకటి దానిమ్మ గింజలా విడిపోతాయి. మీకు పట్టులో ఆ రంగు కావాలంటే ఒకే తొట్టిలో చీరకూ రవికకూ కలిపి వేయించుకోవాలి. లాటు మారితే మేము ఎంత జాగ్రత్తగా తూకం వేసినా ఛాయలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. మరో మాట, తొట్టిలోంచి తీసిన చిలప (దారపు కట్ట) తడిగా ఉన్నప్పుడు రెండు ఆకులు ముదురుగా కనిపిస్తుంది. పిండి, కొస కొంచెం ఆరబెట్టి, మీ ముక్క పక్కన పెట్టి చూశాకే సరేననండి. తడి చిలప చూసి ఒప్పుకున్నవారు తరువాత మా మీద కోప్పడుతుంటారు.

చిత్రావతి ఒడ్డు (అనంతపురం)

ముక్క ఇప్పుడే కత్తిరించాను, కవరులో పెట్టాను. కత్తిరించిన తరువాత ఒక అనుమానం వచ్చింది. ఈ గుడ్డ ఎనభై సెంటీమీటర్లే ఉంది. అందులో నాలుగు అంగుళాలు పోతే మోచేతుల దాకా చేతులు పెట్టించుకోవడానికి సరిపోతుందా అక్కా?

కత్తెర టేపు (కడప)

మూలలో చిన్న ముక్కగా తీసి ఉంటే సరిపోతుంది, చంక కింద అతుకు కనబడకుండా సర్దవచ్చు. పన్నా పొడవునా పట్టీలా కోసి ఉంటే మాత్రం చేతులు మోచేతికి పైనే ఆగిపోతాయి. కుట్టేవారి దగ్గరకు ఆది రవిక తీసుకుని వెళ్ళండి.